బ్లో ఆఫ్ వాల్వు శబ్దం: లోపాల గుర్తింపు

టర్బో ఉన్న పెట్రోలు కారులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసిన క్షణాన, టర్బోకీ థ్రాటిల్‌కీ నడుమ గొట్టాల్లో నిలిచిపోయిన ఒత్తిడి గాలిని వదిలే కవాటమే బ్లో ఆఫ్ వాల్వు. కంపెనీ అమర్చిన వాల్వు ఆ గాలిని తిరిగి టర్బో మూతి దగ్గరికే పంపుతుంది కాబట్టి బయటికి పెద్దగా వినపడదు. బజారులో కొని తగిలించుకునే వాల్వులు చాలావరకు దాన్ని బానెట్ కిందికే వదిలేస్తాయి. గేరు మార్చినప్పుడల్లా ‘పుష్‌ష్’ మనేది అదే. జపానుకు చెందిన హెచ్‌కేఎస్, గ్రెడ్డీ, బ్లిట్జ్, ఆస్ట్రేలియాకు చెందిన టర్బోస్మార్ట్, జీఎఫ్‌బీ, బ్రిటన్‌కు చెందిన ఫోర్జ్ ఈ తయారీలో పేరుపడ్డవి. వాటి నకళ్లూ బజారులో తిరుగుతుంటాయి.

శబ్దం మారినా, ఆగిపోయినా వాల్వు పాడైందనుకుని కొత్తది కొనడం మామూలు. చాలా ఫిర్యాదుల మూలం వాల్వులో ఉండదు. వాల్వు నెత్తిన తగిలే చిటికెన వేలంత హోస్‌లోనో, ఆ హోస్ రెండో కొసను ఇంజన్లో ఎక్కడ పెట్టారన్నదానిలోనో ఉంటుంది. కాబట్టి స్పానరు పట్టేముందు వాల్వు ఏ సంకేతంతో తెరుచుకుంటుందో తెలిసి ఉండాలి.

ఆటోనగర్‌లో గాలి చప్పుడు

విజయవాడ తూర్పున, ఏలూరు రోడ్డుకీ బందరు రోడ్డుకీ మధ్య, పటమట, కానూరులను ఆనుకుని ఉన్న జవహర్ ఆటోనగర్ 1960లలో రూపుదిద్దుకుంది. చెన్నై, కోల్‌కతాల నడుమ నడిచే 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాదు మీదుగా మచిలీపట్నం చేరే 65వ నంబరు రహదారి కలిసే ఊరు కావడంతో ఇక్కడ మొదటి నుంచీ లారీదే రాజ్యం. బాడీ కట్టడం, కమాను పట్టీలు, రేడియేటర్లు, డీజిల్ పంపు, నాజిల్, సెల్ఫ్, డైనమో, లేత్ పని, పాత సామాన్లు, ఒక్కో పనికి ఒక్కో వరుస షెడ్లు. గాజువాక, గుంటూరు, హైదరాబాదు శివార్లలో ఆ తర్వాత వెలిసిన పేటలకూ ఆటోనగర్ అన్న పేరే స్థిరపడింది.

ఇక్కడి మేస్త్రీలకు టర్బో కొత్త కాదు. డీజిల్ లారీల్లో టర్బో విప్పి బేరింగు చూసి, చేత్తో ఇరుసు ఆట పట్టి, మంచిదో కాదో చెప్పగలిగినవాళ్లు ఉన్నారు. కొత్తది పెట్రోలు కారు టర్బో. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించారు. ఆ కొలతల్లోనే ఎక్కువ శక్తి రాబట్టాలంటే టర్బో తప్ప మంచి దారి లేకపోయింది. ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐ 2013లో, మారుతీ బాలెనో ఆర్ఎస్, టాటా నెక్సాన్ 2017లో, హ్యుందాయ్ వెన్యూ 2019లో వచ్చాయి. అదే ఏడాది మన పెనుకొండ కియా ఫ్యాక్టరీ నుంచి సెల్టాస్ 1.4 టర్బో పెట్రోలు రూపంలో కూడా బయటికొచ్చింది. ఈ కార్లు చేతులు మారి, వారంటీ అయిపోయి, కుర్రకారు చేతికి చేరేసరికి శబ్దం సరదా కూడా వెంట వచ్చింది.

అయితే ఆటోనగర్ చెవికి ‘పుష్’ అంటే ముందు గుర్తొచ్చేది లారీ బ్రేకు గాలి. కారుకు కూడా అంత చప్పుడు రావాలని అడిగేవాళ్లుంటారు. లారీ గాలి ట్యాంకులో ఒత్తిడి 7, 8 బార్లు ఉంటుంది. మామూలు టర్బో కారు గొట్టాల్లో ఉండేది 0.6 నుంచి 1 బారు, అదీ ఇంటర్‌కూలరుతో కలిపి కొద్ది లీటర్ల గాలి. ఎంత ఖరీదైన వాల్వు పెట్టినా ఈ తేడా పోదు. అందుకే ‘శబ్దం తక్కువ’ అన్న ఫిర్యాదు వచ్చినప్పుడు దేనితో పోల్చి తక్కువంటున్నారో మొదట అడగాలి. లారీతోనో, వీడియోలో విన్న రెండు బార్ల రేసు కారుతోనో పోలిస్తే బండిలో వెతకాల్సిన లోపమేమీ లేదు.

వాల్వు లోపల జరిగేది

వాల్వులో ఒక పిస్టనో, రబ్బరు డయాఫ్రమో ఉంటుంది. దాని కింది ముఖం మీద టర్బో గొట్టంలోని గాలి నెడుతుంది. పై గదిలో స్ప్రింగు ఉంటుంది. ఆ గదికి ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి, అంటే థ్రాటిల్ తర్వాతి భాగం నుంచి, ఒక సన్నని హోస్ వస్తుంది. కిందికీ పైకీ ఒత్తిడిలో ఉన్న తేడా స్ప్రింగు బలాన్ని మించినప్పుడే వాల్వు లేస్తుంది.

పిస్టన్ అడ్డకొలత 30 మిల్లీమీటర్లనుకుందాం. దాని వైశాల్యం సుమారు 7 చదరపు సెంటీమీటర్లు. ఇంజను స్లోలో నడుస్తున్నప్పుడు మానిఫోల్డ్‌లో వాతావరణం కంటే 0.6 బారు తక్కువ ఒత్తిడి ఉంటుంది. అప్పుడు పిస్టన్‌ను పైకి లాగే బలం దాదాపు 4.3 కిలోలు. స్లోలో మూసుకుని ఉండాలంటే స్ప్రింగు ఇంతకంటే కొంచెం గట్టిగా, 5 కిలోల దగ్గర ఉండాలి. బండిని తొక్కి 0.8 బారు బూస్టులో (టర్బో పెంచిన ఒత్తిడిలో) పోతున్నప్పుడు పైనా కిందా ఒకే ఒత్తిడి. వాల్వును మూసి ఉంచేది ఒక్క స్ప్రింగే. ఒక్కసారిగా కాలు తీస్తే కింద 0.8 ఉండగానే పైన మైనస్ 0.6 అవుతుంది. 1.4 బార్ల తేడాకు 10 కిలోల బలం వస్తుంది. 5 కిలోల స్ప్రింగు నిలవలేదు, వాల్వు ధడాలున తెరుచుకుంటుంది. శబ్దం నిండుగా వస్తుంది.

ఇప్పుడు ట్రాఫిక్‌లో నెమ్మదిగా పోతూ కాలు కొద్దిగా సడలించిన సందర్భం. కింద 0.2, పైన మైనస్ 0.1. తేడా 0.3 బారు, బలం 2 కిలోల పైచిలుకు. స్ప్రింగు కదలదు. గొట్టంలో దారిలేని గాలి వెనక్కి టర్బో చక్రం మీదికే మళ్లుతుంది. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే ఆ చక్రం రెక్కలు గాలిని కోస్తూ ‘తుతుతుతు’ మంటాయి. దీన్ని కంప్రెసర్ సర్జ్ అంటారు. ‘అన్నా, గట్టిగా తొక్కితే పుష్ అంటోంది, మెల్లగా పోతే తుతుతు అంటోంది’ అని వచ్చే బండికి చాలాసార్లు రోగమేమీ ఉండదు. పై లెక్కే దాని జవాబు. తక్కువ బూస్టులో వచ్చే ఈ చప్పుడు టర్బోను పాడుచేసేంతటిది కాదు. నిండు బూస్టులో కాలు పూర్తిగా తీసినప్పుడు కూడా ‘తుతుతు’ వస్తుంటే మాత్రం అది లోపం. టర్బో ఇరుసు మీద ముందుకూ వెనక్కూ పడే దెబ్బలు థ్రస్ట్ బేరింగును తినేస్తాయి.

శబ్దాన్ని బట్టి కారణం

నిండు బూస్టులో తుతుతు. వాల్వు అసలు తెరుచుకోవడం లేదు. స్ప్రింగు మరీ గట్టిగా బిగించారా అన్నది మొదటి అనుమానం. అడ్జస్టు చేసే మర ఉన్న వాల్వుల్లో పావు చుట్టు చొప్పున వదులు చేసి చూడాలి. దానితో తేడా రాకపోతే హోస్ ఎక్కడినుంచి వచ్చిందో వేలితో పట్టుకుని చివరిదాకా వెళ్లాలి. థ్రాటిల్‌కు ముందు భాగంలో, ఇంటర్‌కూలర్ గొట్టం మీద తగిలిస్తే వాల్వుకు పైనా కిందా ఎప్పుడూ ఒకే ఒత్తిడి. వాల్వు చచ్చినా లేవదు. బయటికి చూస్తే అంతా సవ్యంగా బిగించినట్టే ఉంటుంది కాబట్టి ఈ తప్పు రోజుల తరబడి దొరక్కుండా ఉండిపోతుంది. ముందు తుతుతు, వెంటనే పుష్ వస్తుంటే సంకేతం ఆలస్యంగా అందుతోందన్నమాట. హోస్ మరీ పొడవుగానో, సన్నగానో, వంపు దగ్గర నలిగో ఉంటుంది. 4 నుంచి 6 మిల్లీమీటర్ల లోకొలత, వీలైనంత పొట్టి పొడవు, ఇంకెవరితోనూ పంచుకోని సొంత కనెక్షను ఉంటే వాల్వు చురుగ్గా పలుకుతుంది.

తొక్కినంతసేపూ ‘స్స్స్’ మంటూ పికప్ లేకపోవడం. హోస్ చిట్లినా, ఊడినా ఇదే లక్షణం. పై గదిలో బూస్టు నిలవదు. కింద 0.8 బారు ఇచ్చే 5.8 కిలోల బలం 5 కిలోల స్ప్రింగును గెలిచి, బండి ఎక్కాల్సిన సమయంలోనే వాల్వును తెరిచేస్తుంది. డయాఫ్రమ్ చిరిగినా ఇంతే. స్కానరు పెడితే ‘పీ0299’, అంటే బూస్టు తక్కువ, అని చూపుతుంది. దీన్ని చూసి టర్బో పోయిందని తేల్చి, మార్చేదాకా వెళ్లినవాళ్లు నష్టపోయేది వేలల్లో. అదే హోస్ ముక్క మార్చడానికి టీ ఖర్చంత చాలు.

బ్రేకు బూస్టరుకు వెళ్లే గొట్టంలో టీ జాయింటు వేసి సంకేతం తీసుకోవడం ఆ గొట్టం చేతికి అందుతుంది కాబట్టి కొందరు చేసే పని. ఇది చేయకూడదు. ఆ గొట్టంలో గాలిని ఒకవైపే పోనిచ్చే వాల్వు ఉంటుంది. దాని అవతల టీ వేస్తే పై గదిలో వాక్యూమ్ చిక్కుకుపోయి, బ్లో ఆఫ్ వాల్వు బూస్టులో కూడా తెరుచుకునే ఉంటుంది. అంతకన్నా ముఖ్యం, రేపు ఆ చిన్న హోస్ ఊడితే బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది. శబ్దం కోసం బ్రేకుతో పెట్టుకోవడం ఏ రకంగానూ సమర్థించలేనిది.

స్లోలో ఆగకుండా బుస. స్ప్రింగు మరీ మెత్తన, లేదా పిస్టన్ అడుగున చెత్త అడ్డుపడి పూర్తిగా కూర్చోవడం లేదు. స్లోలో టర్బో గొట్టంలో బూస్టు ఉండదు, ఇంజను పీల్చుకుంటూ ఉంటుంది. కాబట్టి వాల్వు మూతి గుండా ఫిల్టరు దాటని గాలి లోపలికి పోతుంది. కృష్ణా డెల్టాలో ఇది మామూలు దుమ్ము సంగతి కాదు. వరి కోతలప్పుడు రోడ్డు మీదే ధాన్యం ఆరబోసే ఊళ్ల మీదుగా తిరిగే బండి లోపలికి పొట్టు, నూగు, ఇసుక వెళ్తాయి. వాల్వు నోటికి సన్నని జాలీ తొడగడం కంటే స్ప్రింగు సరిచేయడమే దీనికి మందు.

ఈల. బూస్టుతో పాటు పెరిగే సన్నని ఈల వాల్వు గొంతు నుంచి కాక ఫ్లాంజి నుంచి వస్తుంది. గ్యాస్కెట్ చిరిగి ఉంటుంది, లేదా లేత్‌లో తీసిన అడాప్టరు ముఖం సమతలంగా ఉండదు. అద్దం పలక మీద నీటి కాగితం పరిచి ఆ ముఖాన్ని రుద్దితే ఎక్కడ ఎత్తుందో మెరుపు చెబుతుంది. మెరవని చోటల్లా పల్లం. ముఖమంతా ఒకే రంగుకు వచ్చేదాకా రుద్ది, కొత్త గ్యాస్కెట్ వేస్తే ఈల ఆగుతుంది.

వేడెక్కాక శబ్దం పోవడం. పొద్దున బాగుండి మధ్యాహ్నానికి మూగబోయే వాల్వులు ఎక్కువగా నకళ్లే. బాడీకీ పిస్టన్‌కీ మధ్య ఖాళీ సరిగా ఇవ్వకపోతే వేడికి పట్టేస్తుంది. మే నెలలో విజయవాడ ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో బానెట్ కింద వేడి చెప్పనక్కర్లేదు. మామూలు రబ్బరు హోస్ ఒకటి రెండు వేసవులకే గట్టిపడి, క్లిప్పు దగ్గర పగులిస్తుంది. ఇంజను బ్రీదర్ నుంచి వచ్చే నూనె ఆవిరి పిస్టన్ మీద పొరగా పేరుకుని, దుమ్ముతో కలిసి జిగురవుతుంది. విప్పిన వాల్వును పెట్రోలులో ముంచి కడగడం ఇక్కడ అందరికీ అలవాటు. సిలికాన్ రబ్బరు పెట్రోలుకు ఉబ్బుతుంది కాబట్టి డయాఫ్రమ్, సీళ్లు ఉన్నవాటికి సబ్బునీళ్లే మేలు. ఆరాక సిలికాన్ గ్రీజు పలచగా రాసి, బొటనవేలితో పిస్టన్ నొక్కి వదిలితే గీరుకున్న చప్పుడు లేకుండా ఒకే ఊపున వెనక్కి రావాలి.

పరీక్షించే పద్ధతి

వాక్యూమ్ చేతిపంపు ఉన్న షెడ్డులో పని తేలిక. హోస్ కొసకు పంపు తగిలించి 500 మిల్లీమీటర్ల పాదరసం దాకా లాగితే, అంటే దాదాపు 0.67 బారు, మెత్తని వాల్వు లేవాలి. సూది అక్కడే నిలబడాలి. సూది జారుతుంటే డయాఫ్రమ్‌లోనో, ఓ రింగులోనో చిల్లు ఉంది. పంపు లేకపోతే నోటితో పీల్చి, నాలుకతో హోస్ మూసినా చిరిగిన డయాఫ్రమ్ బయటపడుతుంది.

రెండోది గాలి నింపి చూడటం. ఇంజను ఆపి, టర్బో మూతి దగ్గర ఫిల్టరు గొట్టం విప్పి, ప్లంబింగు షాపులో దొరికే పీవీసీ ఎండ్ క్యాపుకు టైరు వాల్వు బిగించి, దాన్ని ఆ మూతికి హోస్ ముక్కతో, క్లిప్పుతో తొడుగుతారు. టైర్ల కంప్రెసర్‌కు రెగ్యులేటరు పెట్టి 1 బారు మించకుండా గాలి వదలాలి. రెగ్యులేటరు లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. నిండు ఒత్తిడికి క్యాపు తుపాకీ గుండులా ఎగిరి మొహానికి తగులుతుంది. గాలి నిండాక ప్రతి కీలు మీదా సబ్బు నురగ రాస్తే కారే చోట బుడగలు లేస్తాయి. కొంత గాలి తెరిచి ఉన్న ఇంజను వాల్వుల గుండా పోతుంది. ఆయిల్ పోసే మూత దగ్గర వినిపించే బుస అదే, దాన్ని లోపంగా లెక్కించనక్కర్లేదు. అనుమానమున్న సర్జ్, ఈల, పికప్ లోపం, మూడింటికీ ఈ ఒక్క పరీక్ష చాలావరకు తీర్పు చెప్పేస్తుంది.

ఇవన్నీ బాగుండి శబ్దం మాత్రమే పలచగా ఉంటే వాల్వు ఉన్న స్థానం చూడాలి. టర్బో పక్కనే, ఫెండరు లోపల బిగించిన దానికంటే థ్రాటిల్‌కు దగ్గరగా ఉన్నది త్వరగా స్పందిస్తుంది, బయటికి బాగా వినిపిస్తుంది. మూతి ఆకారం కూడా శబ్దాన్ని మారుస్తుంది. బూర లాంటి మూతి గట్టిగా, లోపల రెక్కలున్న మూతి కీచుగా పలుకుతాయి.

కొన్ని కార్లలో కంపెనీ వాల్వు వాక్యూమ్‌తో కాక విద్యుత్తుతో నడుస్తుంది, టర్బో పెంకు మీదే ఇమిడి ఉంటుంది. దాన్ని పీకి, ప్లగ్గు వేలాడదీసి, వేరే వాల్వు పెడితే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. ఇంజను కంప్యూటరు బూస్టు కోసేస్తే శబ్దమూ తగ్గుతుంది. అలాంటి కారులో పాత వాల్వు ప్లగ్గు తిరిగి తగిలించడమే మొదటి పని.

బయటికి పోయిన గాలి లెక్క

ఎయిర్ ఫిల్టరు పక్కన గాలిని కొలిచే మాస్ సెన్సరు ఉన్న కారులో ఇంకో చిక్కు. కొలిచిన ప్రతి గ్రాము గాలికీ కంప్యూటరు పెట్రోలు సిద్ధం చేస్తుంది. ఆ గాలిని వాల్వు బయటికి వదిలేస్తే పెట్రోలు మిగిలిపోతుంది. గేరు మారినప్పుడు నల్లపొగ, సైలెన్సరులో టపటపలు, సిగ్నల్ దగ్గర ఆగగానే ఇంజను కూలబడిపోవడం దీని గుర్తులు. స్కానరులో ‘పీ0172’ కనిపించవచ్చు. స్లోలో వాల్వు కారుతుంటే దీనికి తిరగబడి, కొలవని గాలి లోపలికొచ్చి ‘పీ0171’ వస్తుంది. స్ప్రింగును ఎంత తిప్పినా మొదటి చిక్కు పోదు. గాలిని తిరిగి లోపలికి పంపే వాల్వో, సగం లోపలికి, సగం బయటికి వదిలేదో పెట్టాల్సిందే. మానిఫోల్డ్‌లో ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సరు మీదే నడిచే కార్లకు ఈ బాధ లేదు. కాబట్టి వాల్వు అమ్మేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న కారు మోడల్ కాదు, అందులో ఏ సెన్సరుందన్నది.

డీజిల్ బండ్లు

ఆటోనగర్‌కు వచ్చే కోరికల్లో స్విఫ్ట్ డీజిల్‌కో, థార్‌కో, స్కార్పియోకో ఈ శబ్దం పెట్టమన్నవీ ఉంటాయి. డీజిల్ ఇంజను వేగాన్ని గాలితో కాదు, నాజిల్ కొట్టే డీజిల్‌తో అదుపు చేస్తారు. కాలు తీసినా గాలి దారి ఒక్కసారిగా మూసుకోదు. కొత్త డీజిళ్లలో థ్రాటిల్ లాంటి పలక ఉన్నా దాని పని వేరు. కాబట్టి గొట్టంలో గాలి చిక్కుకోదు, మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పుట్టదు. పెట్రోలు వాల్వును డీజిల్‌కు తగిలిస్తే అది జన్మలో పలకదు, అది లోపం కూడా కాదు.

పలికేలా చేయడానికి విద్యుత్తు కిట్లు వస్తాయి. యాక్సిలరేటర్ పెడల్ సంకేతం పడిపోగానే సోలినాయిడ్ తెరుచుకుని గాలిని వదులుతుంది. ఇందులో లోపం వెతకడం కరెంటు పని. 12 వోల్టులు అందుతున్నాయా, ఎర్త్ బాడీకి గట్టిగా తగిలిందా, కాలు తీసినప్పుడు సోలినాయిడ్ ‘టక్’ మంటోందా, వరుసగా చూడాలి. పెడల్ తీగను కోసి కలిపిన చోట అతుకు బాగోలేకపోతే పెడల్‌లోని రెండు సెన్సర్ల వోల్టేజీలు ఒకదానితో ఒకటి సరిపోక ‘పీ2138’ వస్తుంది, బండి రోడ్డు మధ్యలో కదలనంటుంది. ఆ తీగ జోలికి పోకుండా ఉండటమే నా సలహా.

చట్టం

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో నమోదైన వివరాలు తయారీదారు చెప్పినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసు ఒకదానిలో ఈ నియమాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణలతో అనుమతిలేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద తొలి తప్పుకు మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. ఆసుపత్రులు, బడుల చుట్టూ నిశ్శబ్ద ప్రాంతంలో శబ్ద పరిమితి పగలు 50 డెసిబెల్స్, రాత్రి 40. శబ్దంతో చిక్కు వద్దనుకుంటే, వాల్వు నుంచి బయటికి వదిలే గాలిని మళ్లీ లోపలికి తిప్పే గొట్టం చాలా వాల్వులకు విడిగా దొరుకుతుంది. శబ్దం తగ్గినా వాల్వు పనితనం తగ్గదు. బిగించేటప్పుడు విప్పిన కంపెనీ వాల్వును, దాని గొట్టాన్ని, క్లిప్పులతో సహా సంచిలో కట్టి యజమానికే ఇచ్చేయాలి. వారంటీ పనికీ, బండి అమ్మేటప్పటికీ మళ్లీ అవే కావాలి. పాత సామాన్ల వరుసలో అదే మోడల్‌వి వెతికితే దొరక్కపోవచ్చు.